పిడులు వెనక్కి లాగిందెవరు

ఇల్లు, వంటింటి బల్ల
శనివారం

మొండిదానికి,

బతికావు. ఆ ముక్క ముందు కాగితం మీద పెట్టుకున్నాను. మిగతావి తర్వాత.

నీ దవడకి తీగలు బిగించారనీ, ఆరు వారాల దాకా నోరు తెరిచేది లేదనీ, స్ట్రాతో పాలు తాగుతున్నావనీ నర్సు ఫోన్లో చెప్పింది. నీ ఫోను విచారణ వాళ్ళు పట్టుకెళ్ళారట. నన్ను బయల్దేరి రావద్దన్నావట. మాట్లాడలేనిది ఎలా అంది అని అడిగితే, పలక మీద రాసి కింద రెండు గీతలు కొట్టావంది. సరే, రాను. చేతులు బాగున్నాయి కదా, రాయి. చిన్నప్పటినుంచీ నీకు నోటికంటే చెయ్యే ముందు లేస్తుంది.

ఇక్కడ పేపరు నిండా నువ్వే. విమానం పొలంలో కూలడానికి ముందు కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లూ కొట్టుకున్నారనీ, ఆ చప్పుడు టేపులో ఉందనీ పెద్దక్షరాలతో వేశారు. "లాగకు" అని కెప్టెన్ అరిచాడట. "మీరే లాగుతున్నారు" అని నువ్వు అరిచావట. దిగబోయే విమానానికి ఇంజన్ల జోరు పూర్తిగా పడిపోయింది, పడగొట్టింది ఆ పిల్లే అని కెప్టెన్ భార్య విలేకర్లకి చెప్పింది. నువ్వు ఆయన్ని కొడుతున్నట్టు బొమ్మ కూడా గీశారు. బొమ్మలో ముక్కు నీది కాదు.

నువ్వే లాగావని విచారణలో తేలితే జైలేనని ఎదురింటి కంపౌండరు అంటున్నాడు. ఆయనకి అన్నీ తెలుసు, సూది గుచ్చడం తప్ప.

నేను ముప్పై ఏళ్ళు బళ్ళో ఫిజిక్స్ చెప్పినదాన్ని. నాకు ఏడుపులు రాయకు. జరిగింది జరిగిన వరసలో రాయి. ఇంజన్ల పిడులు వెనక్కి లాగింది ఎవరు?

— అమ్మమ్మ


ఆసుపత్రి, ఎముకల వార్డు
బుధవారం

అమ్మమ్మా,

ఆయనే లాగాడు. నా కళ్ళతో చూశాను.

వరసలోనే రాస్తున్నాను. నేను కుడి సీట్లో, కెప్టెన్ ఎడమ సీట్లో. మధ్యలో రెండు ఇంజన్లకి పక్కపక్కనే రెండు పిడులు. రెండూ కలిపి ఒక్క అరచేతిలో ఇమిడిపోతాయి. ముందుకి తోస్తే జోరు, వెనక్కి లాగితే ఇంజన్లు ఊరికే తిరుగుతూ ఉంటాయి. మామూలుగా వాటిని యంత్రమే జరుపుకుంటుంది, మేం పైన చెయ్యి ఆనించి ఉంచుతాం. ఆ రోజు దింపే వంతు నాది.

మబ్బులోంచి దిగుతున్నాం. ఇంకా చాలా ఎత్తులో ఉండగానే, చక్రాలు దించలేదని హెచ్చరించే హారను మోగింది. కెప్టెన్ నవ్వి, ఒక మీట నొక్కి దాని నోరు మూయించాడు. "దీనికిది అలవాటే అమ్మాయ్. వారం నుంచి ఏడుస్తోంది, పట్టించుకోకు" అన్నాడు. తర్వాత చక్రాలు దించాం. వేగం తగ్గుతోంది. అప్పుడు తగ్గాలి కూడా, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఉన్నట్టుండి నా చేతిలో స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. రెక్కల కింద గాలి నిలవడం లేదని దానర్థం. పిడుల్ని ముందుకి తోశాను. "నాకొదిలెయ్!" అన్నాడు కెప్టెన్. ఆ మాట వింటే చెయ్యి తీసెయ్యాలి, అది మా నియమం. తీశాను. నేను చూస్తుండగానే, ఆయన అరచేతి కింద, పిడులు వెనక్కి వచ్చేశాయి. చివరంటా.

మళ్ళీ చెయ్యి వేశాను. ఇద్దరం పెనుగులాడాం. తర్వాత దున్నిన పొలం.

ముందు తోక తగిలింది. ఆ తర్వాత ఏది పైనో ఏది కిందో తెలియలేదు. ఆగాక వెనక్కి తిరిగి చూస్తే కాక్‌పిట్ తలుపు లేదు. తలుపు వెనక ఉండాల్సిన విమానంలో సగం లేదు. సీట్లు వరసలకి వరసలే బురదలో మొహం పెట్టి పడి ఉన్నాయి, బెల్టులు పెట్టుకున్న మనుషులతో సహా. ఒకాయన తన చెయ్యి తనే వెతుక్కుంటున్నాడు, తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టు. కిరసనాయిలు వాసన. ఒక ఆడమనిషి నా వైపు పాకుతూ వచ్చి, "దిగేశామా?" అని అడిగి, అక్కడే ఆగిపోయింది.

నా దవడ పొలాన్ని గుద్దుకున్నప్పుడు విరిగింది. అంతే.

ఆయన నవ్వు గుర్తొస్తే లేచి వెళ్ళి మంచం మీదే పీక నొక్కాలని ఉంది. ఒక్క అంతస్తు పైన ఉన్నాడు.

— నీ మొండిది


ఇల్లు
సోమవారం

మొండిదానికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. పొలం దాకా బాగానే రాశావు. దవడ దగ్గర తప్పావు.

నర్సుని అడిగాను. విరిగింది ఎడమ వైపు. పరుగెత్తే బండి ఆగిపోతే లోపలి మనిషి ముందుకి పోతాడు. ఇది నీకు ఎనిమిదో తరగతిలో చెప్పాను, సైకిలు మీంచి పడినప్పుడు మళ్ళీ చెప్పాను. నీ భుజాలకి బెల్టులున్నాయి. అయినా ఏదన్నా తగిలితే ముక్కు పోవాలి, ముందు పళ్ళు పోవాలి. నీ ఎడమ పక్క గోడ లేదు, కిటికీ లేదు. మనిషున్నాడు.

నాకు కత్తిరించిన లెక్క పంపకు.

పీక నొక్కాలంటే ముందు మంచం దిగాలి. మంచం దిగాలంటే ఒంట్లో సత్తువుండాలి. పాలు సగమే తాగుతున్నావని నర్సు చెప్పింది. మొత్తం తాగు, తర్వాత ఆలోచిద్దాం.

ఇక్కడ నేను బాగున్నాను. గాలివానకి ముందు గది కిటికీ అద్దాలు పగిలాయి. అట్టలు పెట్టాను. చదువుకోవడానికి వెలుగు చాలడం లేదు, అంతకంటే ఏం లేదు.

— అమ్మమ్మ


ఎముకల వార్డు
శుక్రవారం

అమ్మమ్మా,

మోచెయ్యి. చాలా?

పిడుల మీద పెనుగులాడుతున్నప్పుడు నన్ను వదిలించుకోవడానికి మోచేత్తో కొట్టాడు. చెవి పక్కన ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. నీకు చెబితే బయల్దేరి వచ్చి ఆయన రెండో కాలు కూడా తీసేస్తావని భయపడ్డాను. ఒకటి డాక్టర్లే తీసేశారు.

నిన్న ఆయన భార్య వచ్చింది. చేతిలో ఫ్లాస్కు ఉంటే ఎవరో చుట్టం అనుకుని నర్సు లోపలికి వదిలింది. "మా ఆయన్ని కుంటివాణ్ణి చేసి ఇక్కడ పాలు తాగుతున్నావా? మాట్లాడవేమే? నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అంటూ ఫ్లాస్కుతో నెత్తి మీద కొట్టింది. జుట్టు పట్టుకుని మంచం కమ్మీకేసి బాదింది. నోరు తెరిచి అరవలేకపోవడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. ముక్కుతో అరిచాను. ఆవిడ మణికట్టు దొరకబుచ్చుకుని వెనక్కి విరిచాను, అది కూడా టప్పుమంది. విడదీసేసరికి నా జుట్టు ఆవిడ గుప్పిట్లో, ఆవిడ జుట్టు నా గుప్పిట్లో. నా నుదుటికి కుట్లు పడ్డాయి. ఆవిడకి పిండికట్టు పడింది. ఇద్దరం ఒకే డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నాం.

ఇప్పుడు నా వంతు. గాలివాన అన్నావు. వార్డు టీవీలో మీ వైపు ఎండలు మండిపోతున్నాయంటున్నారు. ఇంకొకటి. నువ్వు గీతలు లేని కాగితం మీద కూడా గీత తప్పని మనిషివి. కిందటి ఉత్తరంలో ప్రతి లైనూ కుడివైపు కిందికి జారింది, కాగితం కదిలిపోతున్నట్టు. రాసేటప్పుడు కాగితాన్ని పట్టుకునే నీ ఎడమ చెయ్యి ఏమైంది?

నాకు కత్తిరించిన లెక్క పంపకు.

— నీ మొండిది


ఇల్లు
మంగళవారం

మొండిదానికి,

విరిగింది. మోచేతికి కింద. కాగితం మీద ఇస్త్రీ పెట్టె పెట్టి రాస్తున్నాను, ఈసారి లైన్లు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకో.

కిందటి ఉత్తరం రాయడానికి ముందు రోజు పొద్దున్నే ఓ పదిమంది వచ్చారు, పోయినవాళ్ళ తాలూకు. "హంతకురాలి ఇల్లు ఇదే" అంటూ రాళ్ళు వేశారు. తలుపు విరగ్గొడతారని నేనే తీశాను. ముందున్నవాడు సిటీ బస్సు డ్రైవరు, డ్యూటీ చొక్కాతోనే వచ్చాడు. వాడి పెళ్ళాం తోక భాగంలో కూర్చుందట. వీడు ఆమెని తీసుకెళ్ళడానికి విమానాశ్రయం బయట నిలబడి ఉన్నాడట. చేతిలో టైరు లివరు.

"ఏయ్ ముసల్దానా, ఎక్కడ దాచావు దాన్ని?"

"దాచలేదు, ఆసుపత్రిలో ఉంది. అడ్రసు రాసిస్తాను, ముందు ఆ ఇనుము కింద పెట్టు" అన్నాను.

పెట్టలేదు. నా ఎముక చప్పుడు నాకే వినిపించింది. పొయ్యి మీద టీకి నీళ్ళు మరుగుతున్నాయి. రెండో చేత్తో గిన్నె తీసి వాడి మెడ మీద పోశాను. చొక్కా చింపుకుంటూ గడప మీద పడ్డాడు. చర్మం చొక్కాతో పాటే వచ్చింది. మిగతావాళ్ళు పారిపోయారు. పోలీసులు వచ్చే దాకా వాడు గడప మీద, నేను బల్ల దగ్గర. ఎస్సైకి చెప్పాను: "వీడు కొట్టాడు, నేను కాల్చాను. రెండూ రాసుకో." రెండోది ఎందుకమ్మా అన్నాడు. జరిగింది కాబట్టి అన్నాను.

ఇక అసలు సంగతి. చెయ్యి విరిగాక నిద్ర లేదు, ఆలోచించడానికి బోలెడు సమయం దొరికింది. టేపులో ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు లాగొద్దని అరిచారు. ఒకళ్ళు అబద్ధమాడితే నమ్ముతాను. నేల మీదికి వస్తుంటే ఇద్దరూ నాటకమాడరు. అంటే లాగింది మీరిద్దరూ కాదు.

ఆ హారను చూడు. చక్రాలు దించలేదని హెచ్చరించేది నేల దగ్గరపడ్డాక కదా మోగాలి? అంత ఎత్తులో ఎందుకు మోగింది? విమానంలో ఎవరో నేల వచ్చేసిందనుకున్నారు. ఎవరు? విచారణ వాళ్ళని అడుగు.

— అమ్మమ్మ


ఎముకల వార్డు
సోమవారం

అమ్మమ్మా,

అడిగాను. పలక మీద "హారను ఎందుకు?" అని రాసి చూపించాను. ఇంజనీర్లు ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, "అక్కడికే వస్తున్నామమ్మా" అన్నారు. వాళ్ళకి ముందే తెలుసు. నీ మనవరాలికే తెలియలేదు.

విమానం పొట్ట కింద రెండు ఎత్తు మీటర్లుంటాయి. రేడియో అలల్ని నేల మీదికి పంపి, అవి తిరిగొచ్చేదాకా పట్టే సమయాన్ని బట్టి ఎత్తు చెబుతాయి. ఎడమ మీటరు ఆ రోజు ఏం చెప్పిందో తెలుసా? మేం నేలకంటే ఎనిమిది అడుగుల కింద ఉన్నామని. భూమి లోపల! పాడైపోయానని అది చెప్పుకుంటే మిగతా యంత్రాలు దాన్ని పక్కన పెట్టేవి. అది చెప్పుకోలేదు. మామూలు అంకె చెప్పినట్టే చెప్పింది.

ఇంజన్ల పిడుల్ని నడిపే యంత్రం ఎడమ మీటరు మాటే వింటుంది. చక్రాలున్నాయి, రెక్కల పలకలు దిగాయి, నేల వచ్చేసింది, ఇక జోరెందుకు అని పిడుల్ని చివరిదాకా లాగేసింది. అది ప్రతి దిగటంలోనూ ఆఖరున చేసే పనే, ఆకాశంలో చేసింది. విమానాన్ని దారిలో పెట్టే యంత్రం మాత్రం కుడి మీటరు మాట వింటుంది. దానికి ఇంకా గాల్లోనే ఉన్నామని తెలుసు. జోరు లేక కిందికి జారుతుంటే ముక్కు పైకెత్తింది, ఇంకా ఎత్తింది. ఒక యంత్రం దిగిపోయింది, ఒకటి ఎగురుతోంది. ఆ రెండిటికీ మాటల్లేవు.

నేను పిడులు ముందుకి తోశాను, చెయ్యి తియ్యగానే అది మళ్ళీ లాగింది. అది ఇంకా పనిలోనే ఉంది. దాన్ని పక్కకి తప్పించాలంటే పిడుల పక్కనున్న బొత్తాం నొక్కాలి. మేం నొక్కలేదు. ఎవరూ లాగలేదు అమ్మమ్మా. నేను ఆయన అనుకున్నాను, ఆయన నేననుకున్నాడు.

ఆ మీటరు అంతకు ముందూ చాలాసార్లు పిచ్చెత్తింది. దిగాక మామూలైపోయేది కాబట్టి పైలట్లు సగంమంది రిపోర్టు రాయలేదు. రాసినప్పుడు మెకానిక్కులు ఎడమ మీటరు పెట్టె కుడికి, కుడి మీటరు పెట్టె ఎడమకి మార్చి చూశారు. నేల మీద బాగానే పనిచేసింది. బాగుందని సంతకం పెట్టి పంపేశారు. ఆ పెట్టె నా చేతికిస్తే సుత్తితో పిండి చేసి బురదలో కలుపుతాను.

ఇక జైలు లేదంటున్నారు. లైసెన్సు కూడా ఉంటుందట, నోరు తెరిచాక ఒక సోమవారం విచారణలో మాట్లాడితే. ఇంకేం కావాలి?

— నీ మొండిది


ఇల్లు
ఆదివారం

మొండిదానికి,

నీ ఉత్తరం వచ్చిన రోజే బస్సు డ్రైవరు కూడా వచ్చాడు. బెయిలు మీద బయట ఉన్నాడు. మెడకి గుడ్డ చుట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"యంత్రమే చేసిందని టీవీలో అంటున్నారు. ఎవర్ని కాపాడటానికండీ ఈ కథ?"

"కథ కాదు. లోపలికి రా, చూపిస్తాను."

మన వంటింటి తలుపుకి తనంతట తనే మూసుకునే స్ప్రింగు ఉంది కదా. వాణ్ణి వరండాలో నిలబెట్టి అటువైపు పిడి పట్టుకోమన్నాను. ఇటువైపు పిడి నేను కుర్చీలో కూర్చుని పట్టుకున్నాను. తలుపు తెరిచే ఉంచాలి, మూసుకోనివ్వకూడదు అని చెప్పాను. మధ్యలో నేను పట్టు వదిలేశాను. తలుపు వాడి చేతిని లాక్కుంటూ మూసుకోబోయింది.

"ఎందుకు లాగుతున్నారు మామ్మా?" అన్నాడు.

"నా చెయ్యి చూడు" అన్నాను, ఒళ్ళో ఉన్న చెయ్యి చూపించి.

తలెత్తి స్ప్రింగు వైపు చూశాడు. రోజంతా బండి నడిపే మనిషి, చెప్పాల్సిన పని లేకపోయింది. "అంటే ఆ పిల్ల కాదు."

"కాదు."

"ఆ కెప్టెనూ కాదు."

"కాదు."

"మరి నేనెవర్ని కొట్టాలి మామ్మా?"

వాడు ఆ స్ప్రింగుని ఉత్త చేతులతో పట్టి పీకాడు. అది విడిపోయి అరచెయ్యి చీల్చింది. తర్వాత తలుపుని కొట్టాడు, పిడికిళ్ళతో, నుదుటితో, చెక్క పగిలి కీలు ఊడే దాకా. తలుపు మీద, గోడ మీద, నేల మీద రక్తం. నేను ఆపలేదు. టీ పెట్టాను. గిన్నె చేతిలోకి తీసుకోగానే ఒక్కడుగు వెనక్కి వేశాడు. "తాగడానికే" అన్నాను. తాగి వెళ్ళాడు.

వెళ్ళేటప్పుడు ఇంకోసారి అడిగాడు: "ఆ పిల్ల తప్పేమీ లేదు కదా?" ఏమీ లేదన్నాను. నీ ఉత్తరం నమ్మి అన్నాను.

వాడు వెళ్ళాక ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. పేపరు మళ్ళీ తీశాను. టేపులో వినిపించిన దెబ్బలు రెండు. ఒకటి నీ దవడ. రెండోది ఏమిటి? నర్సు మంచి పిల్ల, అడిగితే చెబుతుంది. కెప్టెన్ కాలు నేల తగిలినప్పుడు నలిగింది సరే, కుడి చెయ్యి ఎలా నలిగింది? పిడుల మీదున్న చెయ్యి అదే కదా. బొటనవేలు తీసేశారట.

— అమ్మమ్మ


ఎముకల వార్డు
శనివారం

అమ్మమ్మా,

టార్చిలైటు.

నా సీటు పక్కన పెట్టి ఉంటుంది, స్టీలుది, బరువైనది. దవడ విరగ్గానే నా చెయ్యి పిడుల మీంచి జారిపోయింది. కళ్ళ ముందు అంతా ఎర్రగా ఉంది. పిడులు ఇప్పుడు ఆయన ఒక్కడి చేతిలోనే ఉన్నాయి. ఆయన బొటనవేలు పిడి పక్కన తడుముతూ కదులుతోంది. ఇంకా గట్టిగా లాగడానికి పట్టు మారుస్తున్నాడనుకున్నాను. టార్చి తీసి బలంకొద్దీ ఆ వేళ్ళ మీద కొట్టాను. ఎముక పిండి అవడం పిడి లోంచి నా చేతికి తెలిసింది. ఆయన అరవలేదు. నా వైపు చూశాడు. అప్పటికే పొలంలో నాగలి గీతలు కనిపిస్తున్నాయి.

ఆ బొటనవేలు బొత్తాం మీదికి పోతోంది అమ్మమ్మా. నా చెయ్యి జారిపోయాక కూడా పిడులు వెనక్కి వస్తూనే ఉంటే, లాగేది నేను కాదని ఆయనకి అర్థమైంది. నా కంటే ముందు, యంత్రాన్ని తప్పించడానికి వేలు పెట్టాడు. ఆ వేలు నేను తీసేశాను. నా వైపు పిడికీ అలాంటి బొత్తామే ఉంది. మొదట్నుంచీ నా బొటనవేలి కిందే ఉంది.

ఇంజనీర్లు ఆ ఆఖరి క్షణాల్ని నకలు కాక్‌పిట్‌లో మళ్ళీ మళ్ళీ నడిపి చూశారు. అప్పుడైనా బొత్తాం నొక్కి ఉంటే కొన్నిసార్లు విమానం పొలం దాటిందట. కొన్నిసార్లు దాటలేదట.

మొన్న చక్రాల కుర్చీలో పైకి వెళ్ళాను. ఆయన భార్య మంచం పక్కనే ఉంది, చేతికి పిండికట్టుతో. నన్ను చూసి లేవలేదు, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆయనే మాట్లాడాడు.

"టేపుకి చప్పుడే తెలుసు అమ్మాయ్. వేలు ఎటు పోతోందో దానికి తెలియదు. నాకు తెలుసు, నీకు తెలుసు. నాకేం గుర్తులేదని రాసిచ్చేశాను. నీ దవడకీ నా వేలికీ చెల్లు. నీకింకా ముప్పై ఏళ్ళ ఆకాశం ఉంది."

పలక మీద "ఎందుకు?" అని రాశాను.

"ఆ హారను నోరు మూయించింది నేను కదా" అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు.

శుక్రవారం నా తీగలు విప్పుతారు. సోమవారం విచారణ. చెప్పకపోతే ఎగురుతాను. చెబితే లైసెన్సు ఉండదు, కేసు కూడా పెట్టొచ్చంటున్నాడు లాయరు. నేను ఎగరడం తప్ప ఏమీ నేర్చుకోలేదు. ఏం చెయ్యమంటావు?

— మొండిది


ఇల్లు
గురువారం, కొరియరులో

మొండిదానికి,

నీ ఉత్తరం చదివి, మడిచి, చీర మార్చుకుని బస్సు డిపోకి వెళ్ళాను. వాడికి తప్పు లెక్క చెప్పి పంపాను. దిద్దకుండా నిద్రపోలేను.

డ్రైవరు ఖాళీ బస్సులో తన సీట్లో కూర్చుని అన్నం తింటున్నాడు. మెట్టెక్కి ఎదురుగా నిలబడ్డాను.

"మొన్న నేను చెప్పింది సగమే. లాగింది యంత్రమే. కానీ దాన్ని ఆపబోయిన వేలిని నా మనవరాలు విరగ్గొట్టింది. ఆయన లాగుతున్నాడనుకుంది."

వాడు ముద్ద మింగాడు. "ఆపనిచ్చుంటే నా భార్య బతికేదా?"

"బతికేదేమో. బతక్కపోయేదేమో. అది ఎవరికీ తెలియదు."

గిన్నె పక్కన పెట్టి సీటు కింది నుంచి టైరు లివరు తీశాడు. నేను పిండికట్టు చెయ్యి ముందుకి చాచాను. "కొడితే ఈ విరిగినదాని మీదే కొట్టు. రెండోది ఉత్తరాలు రాసేది" అన్నాను.

నన్ను పక్కకి నెట్టి ముందు అద్దాన్ని కొట్టాడు. తర్వాత పక్క అద్దాలు, తలుపు అద్దం, మీటర్లు, ఒక్కటి వదల్లేదు. గాజుముక్కలు నా జుట్టులో ఇప్పటికీ ఉన్నాయి. డిపో వాళ్ళు వచ్చి కిందికి ఈడ్చి తన్నారు, బూటుకాళ్ళతో, మొహం మీద. నేను మధ్యలో దూరి పిండికట్టుతో ఒకడి చెవి మీద వేశాను. చాలా గట్టి వస్తువు, ఇంత ఉపయోగముంటుందని తెలియదు. వాళ్ళు ఆగారు.

వాడు నెత్తురు ఉమ్మి అడిగాడు: "ఈ మాట ఆ పిల్ల నా మొహం మీద చెబుతుందా?"

"చెబుతుంది" అన్నాను.

నిన్నడక్కుండా మాటిచ్చాను. అదే నా జవాబు. నువ్వు లైసెన్సు సంగతి అడిగావు. అది పోవచ్చు. పోతే మనిద్దరం ఏడుద్దాం, దానికి తర్వాత సమయముంది.

కెప్టెన్ మంచివాడే. కానీ చెల్లు అనడానికి ఆ లెక్క మీ ఇద్దరిదీ కాదు, తోక భాగంలో కూర్చున్నవాళ్ళది. ఇంకొకటి. రేపు ఏదో విమానంలో ఇంకో ఎడమ మీటరు ఇదే కూత కూస్తుంది. ఆ రెండు సీట్లలో కూర్చున్న ఇద్దరూ, మీలాగే, ముందు పక్కవాడి చెయ్యి వైపు చూస్తారు. ఎవరి చెయ్యి అని చూడకండి, ముందు బొత్తాం నొక్కండి అని వాళ్ళకి చెప్పాలంటే, ఆ బొటనవేలు ఎటు పోతోందో ఎవరో ఒకళ్ళు చెప్పాలి. ఆయన గుర్తులేదన్నాడు. ఇక నువ్వే మిగిలావు.

తీసుకెళ్ళిన పోలీసులు వాణ్ణి సాయంత్రం వదిలేశారు. ఇద్దరికీ రైలు టిక్కెట్లు తీశాను. సోమవారం ముందు వరసలో నా పక్కన కూర్చుంటాడు. లేస్తే కూర్చోబెట్టడానికి నా పిండికట్టు ఇంకా విప్పలేదు.

రేపు నీ తీగలు తీస్తారు. శని, ఆది వారాలు అద్దం ముందు నోరు తెరిచి మూసి అలవాటు చేసుకో. సోమవారం వాడి మొహం చూస్తూ చెప్పు. టార్చిలైటు అనే మాట దగ్గర గొణిగావంటే, అందరి ముందూ లేచి మళ్ళీ చెప్పమంటాను.

— అమ్మమ్మ